కిందింటి అంకుల్ పెట్టని సంతకం

మా కిందింటి అంకుల్ పోయారు. మూడు వారాల కిందట ఒక మంగళవారం ఉదయం ఆసుపత్రి నుంచి ఆంటీ ఫోన్ చేసి, "అయిపాయె మ్మా" అని ఒక్క మాట అన్నారు. పక్షవాతం వచ్చి పడిపోయిన నాలుగో రోజది. నేను ఆఫీసులో ఉన్నాను. సెక్షన్‌లో చెప్పి, సంచి భుజాన వేసుకుని మెట్రో ఎక్కి, మా నాలుగిళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆ వార్త నేనే రాశాను.

వెంటనే చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి. "ఓం శాంతి" అంది మూడో అంతస్తు దీదీ. "బహుత్ నేక్ ఇన్సాన్ థే" అని, ఎంతో మంచి మనిషని రాశాడు రెండో అంతస్తు భయ్యా. మెట్రో ఇంకా యమున దాటలేదు, ఆయనే మళ్ళీ రాశాడు. కష్టకాలమే గానీ ఇక ఎక్స్‌టెన్షన్ సంగతి కూడా ఆలోచించుకోవాలట, పదమూడో రోజు అయ్యాక కూర్చుందామట. దానికి దీదీ బొటనవేలి బొమ్మ పెట్టింది. మనిషి ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారు! ఆంటీ ఏ కౌంటరు దగ్గర ఏ కాగితం కోసం ఒంటరిగా నిలబడి ఉన్నారో! నాకు ఒళ్ళు మండిపోయింది. ఏం మనుషులండీ వీళ్ళు, ఒక్క పూట ఆగలేరా అనుకున్నాను.

అనుకున్నానే గానీ గ్రూపులో ఒక్క ముక్క రాయలేదు. ఎందుకు రాయలేదో కూడా చెప్పేస్తాను. అది దాచిపెట్టి ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాస్తే ఆయన్ను మళ్ళీ అవమానించినట్లే. ఆ మెసేజ్ చదివిన క్షణంలో, మా అమ్మాయికి గది వస్తుంది కదా అని నాకూ అనిపించింది.

ఢిల్లీలో పాత ప్రభుత్వ ఫ్లాట్లలో ఉండని వాళ్ళకు ఈ ఎక్స్‌టెన్షన్ గొడవేమిటో తెలియదు. యమునకు తూర్పున మా కాలనీలో అన్నీ నాలుగంతస్తుల కట్టడాలే. ఒక్కో వరుసలో ఒకదాని మీద ఒకటి నాలుగు ఇళ్ళు. కింది అంతస్తు, దాని మీద మేం, మా మీద భయ్యా, ఆ పైన దీదీ. రెండు గదులు, హాలు, అగ్గిపెట్టెంత వంటిల్లు. పిల్లలు ఎదిగేసరికి చాలవు. అందుకని ఇంటి వెనక ఖాళీ స్థలంలో నాలుగు స్తంభాలు లేపి, కింద నుంచి పైదాకా అంతస్తుకొక గది తగిలిస్తారు. వెనక గోడ పగలగొట్టి అందులోకి తలుపు పెడతారు. కింద గది ఉంటేనే పై గది నిలుస్తుంది కాబట్టి నాలుగిళ్ళ వాళ్ళూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టాలి. ఒక్కరు కాదన్నా పని ఆగిపోతుంది. మా కాలనీలో దాదాపు అన్ని వరుసలకూ ఆ గదులు మొలిచాయి. మా వరుసకు మాత్రం ఎనిమిదేళ్ళుగా కింది అంతస్తు సంతకం పడలేదు.

ఆ సంతకం పెట్టని మొండిఘటమే మా అంకుల్.

అనంతపురం మనిషి. కేంద్ర ప్రభుత్వంలో భవనాల నక్షాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి, అందులోనే రిటైరయ్యారు. ఇంజనీరు కాదు. ఆ మాట ఎవరూ అనకముందే ఆయనే అనేవారు. "ఇంజనీర్లు చెప్పింది ముప్పై ఏండ్లు గీసినోణ్ణి మ్మా. గీసి గీసి, ఇల్లు యాడ విరుగుతాదో చేతికి తెలుస్తాది." ఎవరింటికి వెళ్ళినా ముందు గోడను వేలి కణుపులతో కొట్టి చెవి పెట్టి వినేవారు. నెత్తిన అటక ఉన్నచోట కూర్చునేవారు కాదు. కుర్చీ ఇవతలికి జరుపుకుని, "ఆ, ఇప్పుడు చెప్పు" అనేవారు. చూసేవాళ్ళకు చాదస్తం. నాకూ చాదస్తంగానే ఉండేది. విసుగొచ్చేది కూడా.

పద్నాలుగేళ్ళ కిందట మేం ఈ ఇంట్లో దిగిన రోజున అందరూ స్వీట్లూ దేవుడి బొమ్మలూ తెచ్చారు. అంకుల్ డ్రిల్లింగ్ మిషనూ రెండు ఇనప ఎల్ పట్టీలూ తెచ్చారు. పాలు పొంగించి గంట కూడా కాలేదు. "బీరువా యాడ పెడతారు?" అని అడిగి, నేను చెయ్యి చూపించీ చూపించకముందే దాన్ని గోడకు బిగించేశారు. కొత్తగా వేయించిన సున్నమంతా నేల మీద రాలింది. మా ఆయన నా వంక చూశాడు, నేను ఆయన వంక చూశాను.

"భూకంపం వస్తే నేల నోరు తెరిచి మనిషిని మింగుతాదనుకుంటారు. అట్లేం ల్యా. మన సామాన్లే మన మీద పడతాయి. ఈ బీరువా, ఆ టీవీ, అటక మీద పెట్టుకున్న ఇత్తడి గుండిగ. ముందు వీట్ని కట్టేయాల" అన్నారు అంకుల్. మంచం అద్దాల కిటికీ కింద ఉంటే, మా ఆయన చేత రెండో గోడ వైపు తోయించారు. మంచం పక్కనే చెప్పులు పెట్టుకోమన్నారు, పగిలిన గాజు మీద వట్టికాళ్ళతో నడవకుండా. గ్యాస్ సిలిండర్ ఎలా కట్టాలో నాకు చూపించారు. పెళ్ళయిన నాటి నుంచీ వంట చేస్తున్నదాన్ని, నాకు! ఆంటీ గుమ్మంలో నిలబడి, "ఏమనుకోవద్దు మ్మా, ఈయన పెండ్లి చూపులకొచ్చినప్పుడు కూడా మా ఇంటి దూలం చూసినాడు, నన్ను చూల్యా" అని నవ్వారు.

వాళ్ళ తలుపు పక్కన మేకుకు ఒక ఖాకీ సంచి వేలాడేది. అందులో నీళ్ళ సీసాలు, టార్చి, ఇద్దరి మందులు, ఇంటి కాగితాల నకళ్ళు, బిస్కెట్ పాకెట్లు, ఒక విజిల్. విజిల్ ఎందుకని అడిగాను. శిథిలాల కింద ఇరుక్కున్నవాడు అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంటాడట, నోట్లోకి దుమ్ము పోతుందట. విజిల్ అయితే ఓపిక మిగులుతుందట. ప్రతి నెలా ఒకటో తారీఖున ఆ సంచి దింపి బిస్కెట్లు మార్చేవారు. పాతవి పారేయకుండా మా అమ్మాయిని పిలిచి టీలో ముంచుకుని ఇద్దరూ తినేవాళ్ళు. మా పిల్ల వాటిని 'భూకంప్‌వాలే బిస్కుట్' అనేది. ఒకటో తారీఖు వస్తే స్కూలు బస్సు దిగి తిన్నగా కిందింటికే పోయేది.

అలాంటి ఒక రోజున భూమి ఎందుకు కదులుతుందో దానికి చెబుతున్నారు. పిల్లను పిలవడానికి దిగిన నేను గుమ్మం దగ్గర ఆగిపోయి విన్నాను. దివాన్ మీద పరిచిన దుప్పటిని గోడ వైపు మెల్లగా తోశారు. గోడ దగ్గర దుప్పటి మడతలు పడి పైకి లేచింది.

"ఈ దుప్పటి మనం. మన దేశం ఉండే నేలంతా ఉత్తరానికి పోతానే ఉంటాది. చేతి గోరు పెరిగినంత నిదానంగా. ఆ పక్క ఇంకో నేల గోడ మాదిరి అడ్డం ఉండాది. ఇది తోస్తాది, అది జరగదు. ఈ మడతలు చూసినావా? ఇవే హిమాలయాలు."

"తో ఫిర్ రోజ్ క్యోఁ నహీఁ హిల్తా?" అని, మరి రోజూ ఎందుకు ఊగదని అడిగింది మా పిల్ల. తెలుగు బాగానే అర్థమవుతుంది గానీ, జవాబు మాత్రం హిందీలోనే ఇస్తుంది.

"రాయిని రాయి గట్టిగా పట్టుకోనుంటాది పాపా. ఏండ్ల తరబడి బిగుసుకోని, బిగుసుకోని, ఒకరోజు పట్టు జారిపోతాది. అన్నేండ్లు దాచిన బలమంతా ఒక్కసారిగా బయటికొస్తాది. అదే భూకంపం."

"కబ్ ఆయేగా?"

"ఎవురికీ తెలీదు. తెలుసు అని చెప్పేవాణ్ణి నమ్మొద్దు. వస్తాదని మాత్రం తెలుసు. అందుకే ఆ సంచి."

తర్వాత పళ్ళెంలో తడి ఇసుక పోసి, మీద రూపాయి బిళ్ళ నిలబెట్టి, పళ్ళెం అంచును వేళ్ళతో టకటకా కొడుతూ కూర్చున్నారు. ఇసుకలోంచి నీళ్ళు పైకి ఊరాయి. బిళ్ళ పక్కకు ఒరిగి సగం మునిగింది. మన కాలనీ కింద ఉన్నది కూడా యమున తెచ్చి పోసిన ఇసుకేనని చెప్పారు. మా పిల్ల చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం, పసిపిల్లకు ఇవన్నీ చెప్పి భయపెడతారేమిటీయన అని కోపం వచ్చింది. ఆ సాయంత్రం మా ఆయనతో అన్నాను కూడా.

ఎక్స్‌టెన్షన్ మాట మొదలైన ఏడాదే, ఒక ఆదివారం మధ్యాహ్నం భూమి నిజంగా కదిలింది. ఫ్యాను ఊగింది, గిన్నెల స్టాండు గలగలమంది. నేనేం చేశానో తెలుసా? తలుపు తీసుకుని మెట్ల మీద పడి పరుగెత్తాను. నా వెనక మా ఆయన. పైవాళ్ళంతా మమ్మల్ని తోసుకుంటూ. పార్కులోకి వచ్చి ఊపిరి పీల్చుకుని పక్కకు చూస్తే మా అమ్మాయి లేదు. కన్నతల్లిని, పిల్లను వదిలేసి పారిపోయి వచ్చాను! ఇది నేను ఇప్పటిదాకా మా అమ్మకు కూడా చెప్పలేదు.

వెనక్కి పరుగెత్తి మెట్లెక్కబోతుంటే అంకుల్ తన గుమ్మంలోంచి చెయ్యి చాచి ఆపేశారు. ఆయన పార్కులోకి రానే లేదు. "ఆగు మ్మా. పూర్తిగా ఆగనీ. పాప ఉండాల్సిన చోటే ఉంటాది" అన్నారు. ఊపు ఆగాక ఇద్దరం పైకి వెళ్ళాం. మా పిల్ల డైనింగ్ టేబుల్ కింద ముడుచుకుని ఉంది. ఒక చెయ్యి తల మీద, రెండో చేత్తో టేబుల్ కాలు పట్టుకుని. "ఝుకో, ఛుపో, పకడో. అంకుల్ నే సిఖాయా థా" అంది. వంగు, దూరు, పట్టుకో. ఏటా వేసవి సెలవుల్లో పార్కులో పిల్లలందరి చేతా బెంచీల కింద ఆయన ఆడించిన ఆట అది. మేం పైనుంచి చూసి నవ్వుకునేవాళ్ళం. ఆరోజు దాని ముందు ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. మెట్లు దిగుతూ మాత్రం, "ఊగేటప్పుడు మెట్ల మీదికి పోవద్దు మ్మా. తొక్కిసలాటలోనే సగం దెబ్బలు" అన్నారు.

అప్పటికి పార్కులో పండగ వాతావరణం. అందరూ ఫోన్లు ఎత్తి వీడియోలు తీసుకుంటున్నారు. రెండో అంతస్తు భయ్యా అంకుల్‌ను చూసి చేతులు చాపి నవ్వాడు. "దేఖా అంకుల్ జీ? కుఛ్ నహీఁ హువా. బిల్డింగ్ ఏక్‌దమ్ పక్కీ హై. అబ్ తో సైన్ కర్ దో!"

"దూర్ కా ఝట్కా థా బేటా. హమారే పాస్ సిర్ఫ్ హిల్నా ఆయా" అన్నారు అంకుల్. ఎక్కడో దూరాన కదిలిందనీ, మనదాకా వచ్చింది దాని ఊపు మాత్రమేననీ. ఎవరు వింటారు! మా కాలనీ వాళ్ళ తెలివి చూడండి. ఏమీ కూలలేదు కాబట్టి ఇళ్ళు గట్టివని తేలిపోయిందట! భూమి వచ్చి తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇచ్చిపోయినట్లు, ఆ నెలలోనే మరో రెండు వరుసలకు వెనక పునాదులు తవ్వారు. అందరిలాగే నేనూ ఆ తర్కాన్ని నమ్మాను. డిగ్రీ చదివి, కేంద్ర ప్రభుత్వ కొలువు చేస్తున్నదాన్ని, నమ్మాను.

ఇక పోయినేడాది జరిగిన మీటింగ్. మా అమ్మాయి డిగ్రీ అయిపోయి సివిల్స్‌కు చదవడం మొదలుపెట్టింది. ఒక గదిలో మేం, రెండో గదిలో మా అత్తగారు. హాల్లో టీవీ, వచ్చేపోయేవాళ్ళు, ప్రెషర్ కుక్కర్ కూతలు. పిల్ల చెవుల్లో దూది పెట్టుకుని చదివేది.  భయ్యా కాంట్రాక్టరును, అదే ఠేకేదార్‌ను, తీసుకుని మా హాలుకే వచ్చాడు. "చార్ నయే పిల్లర్ లగేంగే, బిల్డింగ్ ఔర్ మజ్‌బూత్ హోగీ" అన్నాడు ఠేకేదార్. స్తంభాలు పెరిగితే ఇల్లు గట్టిపడుతుంది కదా అని అందరం తలలూపాం.

అంకుల్ ఆంటీని వెంటబెట్టుకుని, స్టీలు క్యారేజీ పట్టుకుని వచ్చారు. నాలుగు గిన్నెలది. దాన్ని టేబుల్ మీద పెట్టి, దానికి ఆనించి నాలుగు గ్లాసులు ఒకదాని మీద ఒకటి నిలబెట్టారు. టేబుల్ అంచు పట్టుకుని ఊపారు. క్యారేజీ ఒక తీరున ఊగింది, గ్లాసులు మరో తీరున ఊగాయి. రెండూ టంగుటంగుమని గుద్దుకున్నాయి. గ్లాసులు కింద పడ్డాయి, క్యారేజీ పక్కకు ఒరిగింది. ముందు హిందీలో చెప్పి, తర్వాత నా కోసం తెలుగులో చెప్పారు.

"పాత ఇల్లు ఇటుక గోడల మీద నిలబడుండాది. కొత్త గదులు సిమెంటు స్తంభాల మీద. రెండూ ఒకే మాదిరి ఊగవు. ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. పైగా తలుపు కోసమని నాలుగంతస్తుల్లోనూ వెనక గోడ పగలగొడతారు. ఈ ఇంటికి గోడలే కాళ్ళు మ్మా. నేను వద్దనడంల్యా. స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. మట్టి పరీక్ష చేయించండి. పాతదానికీ కొత్తదానికీ కలిపి చూసి నక్షా ఇమ్మనండి. ఆయన సరే అంటే మొదటి సంతకం నాదే."

"అంకుల్ జీ, పూరీ కాలోనీ బనా చుకీ హై. సబ్ పాగల్ హైఁ క్యా?" అన్నాడు భయ్యా. కాలనీ అంతా కట్టుకుందట, వాళ్ళంతా పిచ్చివాళ్ళా అట. ఇంజనీరు అంటే ఎన్ని నెలలు పడుతుందో, ఆయన కాదంటే ఏం చేయాలో ఆలోచించడం ఎవరికీ ఇష్టం లేదు. అసలు కాదంటాడేమోననే భయంతోనే ఎవరూ పిలవలేదని నాకు ఇప్పుడు అనిపిస్తోంది.

అప్పుడు నేనన్నాను. "మీకేం అంకుల్ గారూ, పిల్లల్లేని ఇల్లు. గది లేకపోతే మాకు ఎలా ఉంటుందో మీకెలా తెలుస్తుంది?"

నోరు జారింది అని రాయను. జారలేదు. తెలిసే అన్నాను, తగలాలనే అన్నాను. ఆంటీ చేతిలో టీ కప్పు టేబుల్ మీద పెట్టేసి కిందికి వెళ్ళిపోయారు. అంకుల్ వంగి గ్లాసులు ఏరుకున్నారు. క్యారేజీ సర్దుకున్నారు. గుమ్మం దగ్గర ఆగి, "గది లేదనే గదా మ్మా నీ బాధ. మా ముందు గది పగలంతా ఖాళీనే. పాపను వచ్చి చదువుకోమను" అన్నారు. అంత మాట అన్నదాన్ని పట్టుకుని! నాకు సిగ్గేసింది. సిగ్గేసినవాళ్ళు తగ్గాలి కదా, నేను ఇంకా బిగుసుకున్నాను. పిల్లను పంపలేదు. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒక రీడింగ్ రూమ్‌లో సీటు తీసుకుని, రోజూ మెట్రోలో అంత దూరం తిప్పాను.

అది ఆయనకు తెలిసింది. ఒకరోజు పొద్దున్నే పిల్లతో పాటు మెట్రో ఎక్కేశారు. సాయంత్రం మా అమ్మాయి చెప్పులు విసిరికొడుతూ ఇంట్లోకి వచ్చింది. "మమ్మీ, అంకుల్ నే సబ్ కే సామ్నే మేరీ నాక్ కటా దీ!" అందరి ముందూ తన పరువు తీశారట. ఏం జరిగిందయ్యా అంటే, ఆ రూము మూడో అంతస్తులో ఉంది, ఎక్కడానికీ దిగడానికీ ఒకే ఇరుకు మెట్ల దారి. వెనక కిటికీకి ఉన్న ఇనప గ్రిల్‌కు తాళం. అంకుల్ యజమానిని పట్టుకుని, "దూస్రా రాస్తా కిధర్ హై?" అని, బయటికి పోయే రెండో దారి గురించి అడిగారట. "ఆప్ కౌన్ హైఁ?" అన్నాడట వాడు. "ఇస్ బచ్చీ కా అంకుల్" అని చెప్పి, తాళం తీసేదాకా కదలనని కుర్చీ వేసుకుని కూర్చున్నారట. చదువుకునే పిల్లలంతా నవ్వారు. వరంగల్ నుంచి వచ్చిన ఒకబ్బాయి మాత్రం లేచి, "తాళం చెవి యాడుందో మాక్కూడ ఎర్క లేదు సార్" అన్నాడట. ఆ చెవి వెతకడానికి యజమానికి అరగంట పట్టింది. మర్నాటి నుంచి అది కిటికీ పక్కన మేకుకు వేలాడుతోంది. మా అమ్మాయి కోపం రెండు రోజుల్లో పోయింది. నా కోపం పోలేదు. నా కూతుర్ని చూసుకోవడానికి ఈయనెవరు అని అనుకున్నాను.

ఇప్పుడు ఆ కోపమంతా తిరిగి నా మీదికే వస్తోంది. మంచివారు, నలుగురికీ సాయపడేవారు అని పెద్దకర్మ రోజున అందరూ అంటుంటే అక్కడ కూర్చోలేకపోయాను. భయ్యా కూడా అన్నాడు! ఎనిమిదేళ్ళు గ్రూపులో 'ఖడూస్ బుడ్ఢా', చిరాకు ముసలాడు, అని వెక్కిరించినవాడు, మా మెట్ల మీద ఎదురుపడితే మొహం తిప్పుకున్నవాడు, ఫొటోకు దండ వేసి కళ్ళు తుడుచుకున్నాడు. పులిహోర రెండోసారి వడ్డించుకున్నాడు. వెళ్ళేటప్పుడు నన్ను పక్కకు పిలిచి ఒక ప్లాస్టిక్ కవరు చేతిలో పెట్టాడు. అదే కాగితం. రెండో అంతస్తు సంతకం, మూడో అంతస్తు సంతకం అప్పటికే ఉన్నాయి. "ఆప్ హీ బాత్ కరో భాభీ జీ. ఆప్ కీ భాషా మేఁ సమఝ్ జాయేంగీ" అన్నాడు. మన భాషలో చెబితే ఆంటీ వింటారట. నలభై ఏళ్ళు ఢిల్లీలో ఉన్న మనిషికి హిందీ రాదా? రాక కాదు. కాదనడానికి మొహమాటపడే మనిషిని పంపాలని ఎత్తు.

నేను ఆ కవరు తీసుకున్నాను. విసిరికొట్టలేదు. మర్నాడు ఆఫీసు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, దాన్ని పట్టుకుని కిందికి దిగాను కూడా.

ఆంటీ మంచం మీద కూర్చుని ఆయన చొక్కాలు మడత పెడుతున్నారు. నేను నోరు తెరవకముందే కవరు చూశారు. "యాడ పెట్టాల్నో చెప్పు మ్మా, పెడతా" అన్నారు.

"ఆంటీ, మీరు ఆలోచించుకుని..."

"ఆలోచించేదానికి ఏముండాది? ఎనిమిదేండ్లు ఆయప్ప కొట్లాడినాడు. ఎవురూ మా ఇంటికి రారు, పండగ్గూడా పిలవరు. నేను ఒక్కదాన్నే ఈడ ఉండాల. వీండ్లతోనే ఉండాల. నాకు కొట్లాడే శక్తి ల్యా." పెన్ను తీసుకుని సంతకం పెట్టారు. పెట్టాక నా మొహంలోకి చూశారు. "పెట్టేసినా. నువ్వు చెప్పు, ఇది మంచి పనేనా?"

నేను కవరు తీసుకుని పైకి వచ్చేశాను. కాగితం మీద ఇక ఖాళీగా ఉన్నది ఒక్క చోటే. మొదటి అంతస్తు. మేం.

"ఆంటీ నే కర్ దియా?" అని అడిగింది మా అమ్మాయి. పెట్టారన్నాను. "ఔర్ ఆప్?" అంది. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద పాలు చూస్తున్నట్లు నిలబడ్డాను.  మా ఆయన, "నీ ఇష్టం" అన్నాడు. ఆ మాట అన్నాడంటే తప్పించుకున్నాడని అర్థం. పక్షం రోజుల్లో ప్రిలిమ్స్. ఇప్పుడు సంతకం పెడితే వచ్చే ఏడాది పరీక్షకైనా ఆ పిల్లకు తలుపు వేసుకుని చదువుకునే చోటు ఉంటుంది. ఆ గది ఎంత కావాలో నాకంటే ఎవరికి తెలుసు? ఆ వారమంతా ఆ కాగితం ఫ్రిజ్ మీదే ఉంది.

శనివారం పొద్దున వెనక నుంచి మాటలు వినపడి బాల్కనీలోకి వెళ్ళి చూశాను. ఠేకేదార్ మనుషులు ఆంటీ పెరట్లో కుండీలన్నీ ఒక మూలకు నెట్టేసి, టేపు పట్టుకుని కొలుస్తున్నారు. నేల మీద సున్నంతో నాలుగు చతురస్రాలు గీశారు, ఒకటి కుళాయి పక్కనే. స్తంభాలు వచ్చే చోట్లు. ఆంటీ వెనక తలుపు పట్టుకుని చూస్తూ నిలబడి ఉన్నారు. నేను సంతకం పెట్టనే లేదు కదా! పైనుంచి వంగి ఠేకేదార్‌ను అడిగితే, "భాయీ సాబ్ నే బోలా, ఫస్ట్ ఫ్లోర్ తో అప్నా హీ హై" అన్నాడు.

అప్నా హీ హై! నేను వాళ్ళ మనిషినట. నా సంతకం పడ్డట్లే లెక్కట.  కాదనగలనా నేను? ఎనిమిదేళ్ళూ వాళ్ళ మనిషినే కదా. ఆ కోపంలో ఫ్రిజ్ మీద కాగితం లాక్కుని, బాత్రూంలో బకెట్టూ చీపురూ పట్టుకుని మెట్లు దిగాను. కాగితం ఆంటీ చేతిలో పెట్టి, "మీ సంతకం మీ దగ్గరే ఉంచుకోండి ఆంటీ. నాది పడదు" అన్నాను. కుళాయి కింద బకెట్టు నింపి మొదటి చతురస్రం మీద కుమ్మరించి, చీపురుతో రుద్దడం మొదలుపెట్టాను. ఠేకేదార్ మనుషులు టేపు చుట్టుకుని పక్కకు జరిగారు.

పై బాల్కనీలోకి భయ్యా వచ్చాడు. "అరే భాభీ జీ, యే క్యా కర్ రహీ హో?"

"ఇంజనీర్ బులాయియే. వో హాఁ బోలేగా, తబ్ సైన్ కరూఁగీ" అన్నాను, తల ఎత్తకుండా. ఇంజనీరు సరే అన్నాకే నా సంతకం.

"అబ్ ఆప్ భీ అంకుల్ జీ బన్ గయీఁ?" అని నవ్వాడు. ఆ పైన దీదీ కూడా వచ్చి నిలబడింది. ఎదురు వరుస బాల్కనీల్లో ఒక్కొక్కరే పోగవుతున్నారు. నేను రెండో చతురస్రం రుద్దాను. మూడోది రుద్దాను. చీరంతా సున్నపు నీళ్ళు. భయ్యా నవ్వడం మానేసి, ఈసారి అందరికీ వినపడేలా, నా కూతురి గది సంగతేమిటని అడిగాడు. "ఔర్ ఆప్ కీ బేటీ? ఉస్ కే కమ్‌రే కా క్యా?"

నా చెయ్యి ఆగిపోయింది. నిజమే కదా, ఆ పిల్లను నేను అడగనైనా లేదు. తల ఎత్తి మా బాల్కనీ వైపు చూశాను. మా అమ్మాయి రైలింగ్ పట్టుకుని నిలబడి ఉంది, వేలు ఇంకా పుస్తకం మధ్యలోనే ఉంది. తన గది రావలసిన ఖాళీలోంచి కిందికి నన్నే చూస్తోంది. రైలింగ్ మీది చెయ్యి తీసి కుళాయి పక్కకు చూపించింది.

"మమ్మీ," అంది. "ఏక్ ఔర్ రహ్ గయా. నల్ కే పాస్."